కరువు భత్యం ఉన్న అన్న, లేని తమ్ముడు

మా నాన్న తన సొంత తమ్ముడితో మాట మానేసింది ఆవనూనె గురించి. పొలం గురించో, తల్లిని చూడకపోవడం గురించో అయితే జనానికి అర్థమయ్యేది. నూనె గురించి అనేసరికి వినేవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ నూనె గొడవలోనే తమ్ముడి భార్య, మా చిన్నమ్మ మణికట్టు విరిగింది. ఆ తర్వాత నాన్న పోయేదాకా తమ్ముడి ముఖం చూడలేదు. చిన్నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే. అది ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే కలకత్తా గార్డెన్ రీచ్‌లో మేమున్న రెండు గదుల దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరివాడు. పెళ్ళికి ముందే కలకత్తా వచ్చి డాకులో ఓడల సరుకు దించే పనిలో చేరాడు. చాలాకాలం రోజుకూలీగా మూటలు మోశాడు. నేను పుట్టిన ఏడాది పర్మనెంటయ్యాడు. మా బస్తీలో పర్మనెంటంటే పెద్ద మాట. జీతంతో పాటు డీఏ వస్తుంది. బజారులో ధరలు ఎంత పెరిగాయో చూసి, ఆ మేరకు కొన్నాళ్ళకోసారి జీతం పెంచుతారు. అందరూ డీఏ అనేవారు. నాన్న మాత్రం 'కరువు భత్యం' అని పూర్తిగా అనేవాడు. యూనియన్ వాళ్ళు తెలుగువాళ్ళ కోసం వేసిన కరపత్రంలో ఆ మాట చూశాడట. కరువొస్తే కూడా భత్యమిచ్చే కొలువు తనదని ఆయన గర్వం.

నేను బడిలో చేరిన కొత్తలో చిన్నాన్న కొత్త పెళ్ళాంతో మా ఇంటికి దిగాడు. ముందు గది వాళ్ళకిచ్చాం. మా పక్కింట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆవిడని మేము చర్చి పెద్దమ్మ అనేవాళ్ళం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆవిడే, తన పాటల పుస్తకం ముందు పెట్టి. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ, తెలుగు మాత్రం ఆవిడ వంటింటి గడప మీద. పెద్దమ్మ భర్త నది ఒడ్డునున్న జూట్ మిల్లులో చేసేవాడు. ఆయన కూలీలని పెట్టే సర్దారు కాళ్ళూ గడ్డమూ పట్టుకుని చిన్నాన్నని బదలీ కూలీగా పెట్టించాడు. పర్మనెంటు మనిషి రాని రోజున ఆ మర దగ్గర బదలీ నిలబడాలి. అందరూ వస్తే గేటు దగ్గరినుంచే వెనక్కి తిరగాలి.

ఆ రోజుల్లో ధరలు ఊరికే ఉండేవి కావు. బియ్యం పెరిగేది, కిరసనాయిలు పెరిగేది, చేప పెరిగేది. పెరిగిన ప్రతిసారీ నాన్న విసుక్కునేవాడు గానీ ఆ విసుగులో భయం ఉండేది కాదు. నాలుగు నెలలు ఆగితే తన జీతమూ కదుల్తుందని తెలుసు. చిన్నాన్నకి కదిలేది ఏదీ లేదు. మిల్లు కూలి ఉన్నచోటే ఉండేది. అదీ దొరికిన రోజున.

ఒక ఉదయం చిన్నమ్మ బియ్యం చెరుగుతూ అమ్మతో అంది, "మీకేటక్కా. ధరలు పెరిగితే మీకు పండగే. బావగారి జీతం పెరుగుతాది. మాకు పెరిగేది ఆకలే."

అమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండా జవాబిచ్చింది. "మీ ఆకలి మా కుండలోంచే తీరతన్నాది కదే. ఇంకేటి బాధ నీకు?"

చిన్నమ్మ చేట కింద పెట్టి లేచింది. ఆ పూట తినలేదు. మర్నాడు కూడా మా కుండలో అన్నం ముట్టలేదు. వారం తిరక్కుండా పక్క సందులో ఒక గది చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు చిన్నాన్న వాకిట్లో నిలబడి, "వదినా, నానేటీ అన్లేదు. ఆడోళ్ళ మాటలు మనసులో ఎట్టుకోకు," అన్నాడు. తప్పెవరిదని నన్నడిగితే ఇద్దరిదీ అంటాను. కాకపోతే ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ ఒక పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఒకరికి భత్యమిచ్చి ఇంకొకరికి ఇవ్వని లోకం మీద అప్పుడెవరికీ కోపం రాలేదు. దగ్గరున్న మనిషి మీదే వస్తుంది కోపం.

తర్వాత మిల్లు గేటుకి తాళం పడింది. రెండు మూడు సార్లు తెరిచారు, మళ్ళీ మూశారు. చివరికి తెరవడమే మానేశారు. చర్చి పెద్దమ్మ భర్త ఆ గేటు ముందే చాలాకాలం కూర్చున్నాడు, తెరుస్తారని. ఆ ఆశలోనే, జనపనార దుమ్ము పీల్చిన ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. అప్పటినుంచి ఆ ఇల్లు పెద్దమ్మ చేసే ఆయా పని మీదే నడిచింది. నర్సింగ్ హోంలో నెల జీతం. చేరినప్పుడు ఎంతో, ఏళ్ళు గడిచినా దాదాపు అంతే. పెంచమని అడిగితే, నీ స్థానంలో పదిమంది వస్తారని చెప్పేవారట.

చిన్నాన్న గేటు ముందు కూర్చోలేదు. అది ఒప్పుకోవాలి. బజారులో ఒక బీహారీ ముసలాయన నూనె కొట్టు నడిపేవాడు. అక్కడ తూకం వేసే పనిలో చేరాడు. ముసలాయన చూపు మందగించి ఊరికి వెళ్ళిపోతూ కొట్టు చిన్నాన్న చేతికిచ్చి వెళ్ళాడు. ఆవనూనె, పప్పులు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు. బెంగాలీవాళ్ళు ముదీ దుకాన్ అంటారు అలాంటి కొట్టుని.

కొట్టు చేతికొచ్చిన రెండో ఏడు దుర్గాపూజ రోజుల్లో చిన్నాన్న మా ఇంటికొచ్చాడు, స్వీటు పొట్లం పట్టుకుని. అప్పటికి అన్నదమ్ముల మధ్య మాటలున్నాయి. మంచం అంచున కూర్చుని, తను కనిపెట్టిన సంగతి నాన్నకి చెప్పాడు.

"అన్నయ్యా, మిల్లులో నాను రోజంతా నిలబడితే ఏటీ మిగల్లేదు. ఇప్పుడు నూనె డబ్బా నిలబడతాది, నాను కూకుంటాను. రథయాత్రకి కొన్న నూనె పూజల దాకా కదపలేదు. దాని ధర అదే పెరిగిపోనాది."

"ఆ డబ్బా నిలబడినన్నాళ్ళూ ఎవుడి కూరలోనో నూనె లేదురా," అన్నాడు నాన్న.

"ఎవుడి కూర సంగతో నాకేల? నా కూరలో నూనె లేనప్పుడు ఎవుడడిగినాడు?"

నాన్న స్వీటు పొట్లం విప్పలేదు. అది మర్నాటి దాకా అలమర మీదే ఉంటే అమ్మ పక్కింటి పిల్లలకి ఇచ్చేసింది.

ఆ ఏళ్ళలో ఊరంతా ఊరేగింపులు. ధరలు తగ్గించాలని ఢిల్లీ మీద నినాదాలు. నాన్న యూనియన్‌లో చురుకైన మనిషి. ఎర్రజెండా పట్టుకుని ముందు వరసలో నడిచేవాడు. ఊరేగింపు బజారు మీదుగానే పోవాలి గనక తమ్ముడి కొట్టు ముందు నుంచే పోయేది. చిన్నాన్న తెలివైనవాడు. కొట్టు ముందు కుండలో చల్లటి నీళ్ళు పెట్టించి, నినాదాలిచ్చే వాళ్ళకి తనే గ్లాసులందించేవాడు. నాన్న ఆ నీళ్ళు తాగకుండా ముందుకెళ్ళిపోయేవాడు. ఒకసారి నేను కూడా ఆ ఊరేగింపులో ఉన్నాను. చిన్నాన్న గ్లాసు పట్టుకుని నవ్వుతూ అన్నాడు, "అన్నయ్యా, ధరలు తగ్గితే నీ భత్యమూ ఆగిపోతాది. సూసుకుని కేకెయ్యి."

నాన్న ఆగి వెనక్కి చూశాడు. జనం తోసుకొస్తుంటే మళ్ళీ నడిచాడు. ఆ మాట ఆయనకి గుచ్చుకుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం తిండి దగ్గర అమ్మ మీద కారణం లేకుండా కసిరాడు.

నేను కాలేజీలో అర్థశాస్త్రం తీసుకున్నాను. అదే ఏడాది దేశం బంగారం కూడా తాకట్టు పెట్టిందని, రూపాయి విలువ తగ్గించారని పేపర్లో పడింది. ఆ తర్వాత ధరలు నడవడం మానేసి పరుగెత్తాయి. ఇక ఆవనూనె సంగతి.

పూజలు దగ్గరపడ్డాయి. బజారులో నూనె దొరకడం లేదు. ఉన్న కొట్లలో అడిగితే పాత ధరకి లేదంటారు, కొత్త ధర ఎంతో రేపు చెబుతామంటారు. పెద్దమ్మ భర్తకి ఒళ్ళంతా నొప్పులు. వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె రాస్తే ఆయన కాస్త పడుకునేవాడు. ఆవిడ చిన్న సీసా పట్టుకుని చిన్నాన్న కొట్టుకి వెళ్ళింది. లేదన్నాడు. ఆవిడ వెనక్కి తిరుగుతుంటే వెనక గది తలుపు సందులోంచి వరసగా పేర్చిన డబ్బాలు కనిపించాయి.

ఆవిడ తిన్నగా మా ఇంటికొచ్చింది. నాన్న పొద్దుటి డ్యూటీ చేసొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అన్నయ్యగారూ, మీ తమ్ముడు నా ముఖం మీదే అబద్ధం చెప్పాడండి," అంది. గొంతు పెంచలేదు. "మావారు వాడి కోసం సర్దారు కాళ్ళు పట్టుకున్నారు. వాడికి కాస్త నూనె బరువైపోయిందా?"

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని అలాగే బయల్దేరాడు. వెనక పెద్దమ్మ, ఆ వెనక అమ్మా నేనూ. మేము వెళ్ళేసరికే కొట్టు ముందు జనం పోగై ఉన్నారు. ఖాళీ సీసాలు, డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్ళు, పక్కనే ఎర్రజెండా పార్టీ కుర్రాళ్ళు. నూనె ఉందని ఒకరు, లేదని చిన్నాన్న. చిన్నమ్మ గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉంది.

నాన్నని చూడగానే జనం దారిచ్చారు. "దాదా వచ్చాడు, దాదాని చెప్పనీ," అన్నారు. బెంగాలీలో దాదా అంటే అన్నే.

నాన్న కొట్టు మెట్టెక్కి తమ్ముణ్ణి తెలుగులో అడిగాడు. "నూనుందా?"

"లేదన్నయ్యా."

"అమ్మ మీద ఒట్టెయ్యి."

చిన్నాన్న అన్న కళ్ళల్లోకి చూడకుండా తక్కెడ గొలుసు సవరించాడు. నాన్న జనం వైపు తిరిగి బెంగాలీలో, అందరికీ వినబడేలా, "వెనక గదిలో ఉంది. తాళం పగలగొట్టండి," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు ముక్కలుగానే గుర్తు. తాళం ఊడింది. డబ్బాలు చేతులు మారి బయటికొచ్చాయి. పార్టీ కుర్రాళ్ళు పాత ధరకి అమ్ముతామని మొదలుపెట్టారు. పది నిమిషాలు వరస నిలబడింది. తర్వాత వరస లేదు, ధరా లేదు. ఒక డబ్బా పగిలి నేలంతా నూనె. దాని మీద జనం జారిపడుతూనే లోపలికి తోసుకున్నారు. చిన్నమ్మ తలుపుకి అడ్డంగా నిలబడబోయింది. ఎవరో తోశారు. జారి చెయ్యి కిందపెట్టి పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాననుకుంటాను. నాన్న మెట్టు మీదే ఉన్నాడు. కదల్లేదు. ఆ నూనెలో మోకాళ్ళ మీద పాకి చిన్నమ్మని లేపింది మా అమ్మ.

పెద్దమ్మ సీసా ఖాళీగానే ఉంది. బలమున్న వాళ్ళు డబ్బాలకి డబ్బాలు మోసుకుపోయారు. ఆవిడ తోపులాటలోకి దిగలేకపోయింది. పార్టీ కుర్రాళ్ళలో ఒకణ్ణి అడిగితే, "అయిపోయింది మాసీ," అన్నాడు. ఒక డబ్బా మీద కాలు పెట్టుకుని నిలబడే అన్నాడు ఆ మాట.

జనం పల్చబడ్డాక చిన్నాన్న అన్న దగ్గరికొచ్చాడు. చొక్కా చిరిగి ఉంది. ఏడుపు లేదు, అరుపు లేదు.

"నాతో మన మాటలో 'ఇచ్చెయ్యరా' అంటే ఇచ్చేద్దును. ఆళ్ళ మాటలో ఆళ్ళకి సెప్పినావు," అన్నాడు. "ధరలు పెరిగిన ప్రతిసారీ నీ జీతం పెరిగినాది. నాకెవుడిస్తాడన్నయ్యా కరువు భత్యం? నాది నాను సూసుకున్నాను. అది దొంగతనమైపోనాది."

నాన్న అన్నాడు, "ఒరే, నీకూ నాకూ ఇంక ఏటీ లేదు. ఎల్లు. దానికి కట్టు కట్టించు."

తమ్ముడితో ఆయన ఆడిన చివరి మాట అదే.

చిన్నాన్న తరఫున ఒక మాట చెప్పకపోతే కథ కుంటిదవుతుంది. ఆయనన్న మాటలో నిజముంది. మా నాన్న యూనియన్ డాకు పర్మనెంటు వాళ్ళ కోసమే కొట్లాడేది. బదలీవాళ్ళకీ ఆయాలకీ భత్యం కావాలని ఎప్పుడూ ఊరేగింపు తీయలేదు. అయితే ఆ నిజాన్ని చిన్నాన్న పెద్దమ్మ ముందు వాడుకోలేడు. ఆవిడకి భత్యమూ లేదు, డబ్బాలూ లేవు. ఆవిడని ముంచి తేలినవాడికి నా దగ్గర క్షమ లేదు.

ఆ శీతాకాలంలో కాలేజీలో మాకు ద్రవ్యోల్బణం, వృద్ధి అనే పాఠం వచ్చింది. చెప్పే మాస్టారు సన్నటి ఫ్రేము కళ్ళద్దాల మనిషి, మంచి వక్త. పేద దేశాలు ఎదగాలంటే పెట్టుబడి కావాలి, పొదుపు చేసే స్తోమత ఎవరికీ లేదు, మరెలా అని అడిగి తనే జవాబు చెప్పాడు. ధరలు ముందు పరుగెడతాయి, కూలి వెనక నడుస్తుంది. రెండింటి మధ్య దూరమే వ్యాపారికి లాభం. ఆ లాభం మిల్లవుతుంది, కొట్టవుతుంది, రేపటి ఉద్యోగమవుతుంది. కొంత ద్రవ్యోల్బణం వృద్ధికి ఇచ్చుకునే ధర. దీన్ని బలవంతపు పొదుపు అంటారు.

నేను లేచి, "ఎవరి పొదుపు సార్?" అని అడిగాను.

"సమాజానిది."

"పొదుపు చేసినవాళ్ళకి తిరిగి ఎప్పుడిస్తారు?"

ఆయన నవ్వాడు. "అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ ఎదురుగానే ఉంది, వరండా దాటితే చాలు." క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. పెద్దమ్మ భర్త అంతకు వారం ముందే పోయాడు. ఆవిడ చేసిన పొదుపు గురించి ఆ గదిలో ఎవరికీ తెలీదు. చెప్పినా ఒక ఉదాహరణగా రాసుకునేవారు.

ఆ మాస్టారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అదే ఇంకా ఒళ్ళు మండే సంగతి. నేనే తర్వాత ఒక కాలేజీలో క్లాసుకింత చొప్పున పాఠాలు చెప్పాను. చదివినదంతా చూస్తే తేలేదిది: ధరలు కొద్దిగా పెరిగే దేశం ఎదగగలదు. ఒక గీత దాటాక పెరిగే ధరలు ఎదుగుదలని తినేస్తాయి. ఆ గీత ఎక్కడుందో దేశానికో రకం, పండితుడికో రకం. గీతకి ఇవతల ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే లెక్క. ఇవతల ఉన్నప్పుడే మా పక్కింట్లో కూరల్లో నూనె ఆగిపోయింది. ఆ సంగతి ఏ సగటులోనూ తేలదు.

చిన్నాన్న మాత్రం తేలాడు. కొట్టు ధ్వంసమైన ఆరు నెలలకే ఖిదిర్‌పూర్ బజారులో ఇంకా పెద్దది తెరిచాడు. ఈసారి పార్టీ ఆఫీసుకి ముందే చందా ఇచ్చి, నూనె మోసుకుపోయిన కుర్రాళ్ళలోనే ఇద్దర్ని పనిలో పెట్టుకున్నాడు. తర్వాత గోదాము, తర్వాత లారీ. కొంతకాలానికి ఆయన దగ్గర పాతిక మందికి పైగా పనిచేసేవారు. ఆ పాతిక ఇళ్ళలో పొయ్యి వెలిగిందని ఆయన ఎప్పుడూ చెప్పుకునేవాడు. వెలిగింది. వాళ్ళలో ఒక్కరిని కూడా పర్మనెంటు చెయ్యలేదని చెప్పుకునేవాడు కాదు.

నాన్న దారి కిందికి సాగింది. ఇనప కంటైనర్ పెట్టెల్లో సరుకు రావడం, క్రేన్లు దించడం మొదలయ్యాక డాకులో మనుషులు ఎక్కువైపోయారు. స్వచ్ఛందంగా విరమించుకోమన్నారు. నాన్న పెన్షన్ వదులుకుని మొత్తం ఒకేసారి తీసుకున్నాడు. ఆ సొమ్ములో నా పెళ్ళి పోను మిగిలింది బ్యాంకులో వేశాడు. వడ్డీ తిని బతకొచ్చనుకున్నాడు. బతికాడు, కొన్నేళ్ళు. వడ్డీలు తగ్గాయి. ఆ తర్వాత దేశం మునుపెన్నడూ లేనంత వేగంగా ఎదుగుతోందని పేపర్లు రోజూ రాసే కాలం వచ్చింది. అదే కాలంలో కందిపప్పు, ఉల్లిపాయ, ఆవనూనె ఒకదాన్ని చూసి ఒకటి పైకెక్కాయి. నాన్నకి ఇప్పుడు కరువు భత్యం లేదు. వడ్డీ ఉన్నచోటే నిలబడింది. ఒకప్పుడు పెద్దమ్మ నిలబడిన చోట ఆయన నిలబడ్డాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. పేపరు చదవడం మానేశాడు.

నేను అప్పటికి హౌరా దగ్గర లిలువాలో ఉన్నాను. మా ఆయనది రైల్వే వర్క్‌షాప్. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో ఏదైనా పెట్టబోతే నాన్న వెనక్కి ఇప్పించేవాడు. "కూతురి సంపాదన తినీవోణ్ణి కాను," అనేవాడు. పప్పు పల్చబడి నీళ్ళైనా ఆ మాట సడలలేదు. ఒక రోజు వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"అమ్మేది?"

"ఎల్లింది. నీ సిన్నాన్న కొట్టుకి."

చిన్నమ్మ చెయ్యి విరిగిన చోట సరిగా అతకలేదు. చలికాలంలో గరిటె కూడా పట్టుకోలేకపోయేది. కొట్టులో పప్పులూ మసాలాలూ పొట్లాలు కట్టే ఆడవాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి నమ్మకమైన మనిషి కావాలని అమ్మకి కబురు పెట్టింది. అమ్మ ఎవరినీ అడగలేదు. చీర మార్చుకుని బస్సెక్కింది.

సాయంత్రం అమ్మ రాగానే నాన్న అన్నాడు, "ఆ ఇంటి గింజ నాను తినను."

అమ్మ ముఖం కడుక్కుంటోంది. తుడుచుకుని మరీ జవాబిచ్చింది. "తినకు. అది ఆళ్ళ గింజ కాదు, నా సేతుల కట్టం. నువ్వు నీ తమ్ముడి కొట్టు బద్దలు కొట్టించినావు. దాని సెయ్యి ఇరిగినప్పుడు మెట్టు మీంచి దిగలేదు. ఆ పౌరుషం నీదగ్గరే ఎట్టుకో. నాకు ఆకలేస్తన్నాది."

ఎవరి వైపు మాట్లాడాలో నాకు తెలియలేదు. నాన్న రెండు పూటలు మానేశాడు. మూడో పూట కంచం ముందు కూర్చుని, అమ్మ వైపు చూడకుండా, ఒక్క ముద్ద కూడా వదలకుండా తిన్నాడు. ఆ తిండి చూడ్డం నాకు కష్టమైంది. ఓడిపోయిన మనిషి కంటే, ఓటమిని రోజుకి రెండుసార్లు నమిలి మింగాల్సిన మనిషిని చూడ్డం కష్టం.

నాన్న ఒక వానాకాలం ఉదయం పోయాడు. గుండె. వీధి నిండా మోకాలి లోతు నీళ్ళు. పాత యూనియన్ వాళ్ళు ఆ నీళ్ళలోనే వచ్చి జెండా కప్పారు. చిన్నాన్న కారు సందు చివర ఆగింది. ప్యాంటు మడుచుకుని నీళ్ళలో నడిచొచ్చాడు. వాకిట్లో నేనే ఎదురయ్యాను.

"పాపా, ఆఖర్న నా గురించి ఏటైనా అన్నాడా?" అని అడిగాడు.

"మీ పేరు కూడా ఎత్తలేదు."

ఆయన ముఖం వాడిపోయింది. నాకు జాలి కలగలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు, "నా ఎదుగుదల సూసి ఓర్సుకోలేకపోనాడు. రక్తం పంచుకున్నోడే ఓర్సుకోలేకపోతే ఎలాగ?"

"చిన్నాన్నా, శవం లోపలుంది. ఈ మాటలు ఇక్కడొద్దు. చూస్తే చూసి వెళ్ళండి. పాడె మాత్రం ముట్టుకోకండి."

"ఆడు సెప్పినాడా అలాగని?"

"నేను చెప్తున్నాను."

ఆయన లోపలికి రాలేదు. ఎదురింటి అరుగు మీద తడిసిన ప్యాంటుతో నిలబడ్డాడు. పాడె లేచేదాకా ఉండి, మాతో పాటు శ్మశానం దాకా రాకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. మా ఆయన తర్వాత నాతో, "అంత కఠినం అక్కర్లేదేమో," అన్నాడు. అక్కరుందని చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెప్తాను.

నాన్న కర్మలు అయిన వెంటనే అమ్మ మళ్ళీ పనికెళ్ళింది. అక్కడ తోటికోడళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. పొట్లాలు కట్టే ఆడపిల్లల మీద ఇద్దరూ కలిసి అరిచేవారు. మధ్యాహ్నం ఒక డబ్బాలోంచి తినేవారు. వాళ్ళ మధ్య పాత మాటలు మాసిపోయాయా అని అమ్మనడిగితే, "మాసిపోడమేటి. అదీ నానూ రోజూ కొట్టుకుంటాం. కూకుని కొట్టుకుంటాం, అంతే," అంది.

రాష్ట్రంలో ప్రభుత్వం మారబోతుందని అందరికీ తెలిసిపోయిన ఆ చివరి చలికాలంలో చిన్నాన్న కొట్టు స్థలాన్ని ఒక బిల్డర్‌కి అమ్మేశాడు. గోదాములో ఏడాదంతా నూనె పెట్టి సంపాదించేదానికంటే ఊరికే పడుకున్న నేల అమ్మితే ఎక్కువొస్తోందట. పాతిక మందినీ నెలాఖరు నుంచి పనికి రావద్దన్నారు. అమ్మ సామాను సర్దుకుంటుంటే ఒక కొత్త చీర ఇచ్చి, "వదినా, నీకేటీ తక్కువ సెయ్యను. నెలనెలా ఇంటికి పంపిస్తాను," అన్నాడట చిన్నాన్న.

"నాకు సరే. ఈ పిల్లలకో?" అని అమ్మ అడిగిందట.

"ఆళ్ళకి ఇంకోచోట దొరుకుతాది. కలకత్తా ఎదుగుతన్నాది వదినా."

అమ్మ చీర గల్లాపెట్టె మీద పెట్టేసి వచ్చింది. నేను బస్ స్టాపులో ఎదురుచూస్తున్నాను, ఆమెని లిలువా తీసుకెళ్ళిపోడానికి. వెనకే చిన్నమ్మ వచ్చింది, వంకర చెయ్యి పమిట కింద దాచుకుని. అమ్మ సంచీ తీసుకుని, బస్సొచ్చాక, మంచి చేత్తో పైకి అందించింది.